బంబు కొనాలా, గీజరు పెట్టాలా? సరిహద్దు ఊళ్లలో స్నానపు నీళ్ల బాయిలర్ ఎంపిక

చలిదేశాల్లో ఇంటి బాయిలర్ అంటే గ్యాసో నూనెో మండించి గదిగదికీ వేడి పంపే యంత్రం. తెలంగాణ సరిహద్దు వెంట మహారాష్ట్రలో ఉన్న కిన్వట్, ధర్మాబాద్, పాండర్‌కవడా, రాజురా, సిరొంచా వైపు మనకు గదులు కాగబెట్టుకునే పని లేదు. తలుపు వేసి రగ్గు కప్పుకుంటే రాత్రి గడిచిపోతుంది. తెల్లారి స్నానం దగ్గరే అసలు చిక్కు. డిసెంబరు, జనవరిలో పొద్దున చలి 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, కొన్ని రోజులు ఇంకా కిందికి పోతుంది. అందుకే ఇక్కడ బాయిలర్ అంటే స్నానపు నీళ్ల బాయిలరే. మరాఠీ వాళ్లు బంబ్ అంటారు, మనవాళ్ల నోట అది బంబు అయింది.

దుకాణానికి వెళ్లగానే మొదట అడిగేది "ఎన్ని లీటర్లది కావాలి?" అని. జవాబు ఇంట్లో కొలుచుకుని వెళ్లాలి. చాలామంది అది చెయ్యరు. అవసరానికి రెట్టింపు పాత్ర కొని, రోజూ సగం వేడిని గాలికి వదిలేస్తారు.

మొదటి పని: నీళ్లు కొలవండి, చల్లదనం కూడా కొలవండి

కావలసినవి ఒక బకెట్, ఒక లీటరు చెంబు, నీళ్లలో ముంచే థర్మామీటరు. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు. వంటకు వాడే డిజిటల్ పుల్ల చాలు.

ఇంటి బకెట్‌లో చెంబుతో పోస్తూ ఎన్ని లీటర్లు పడతాయో చూడండి. మామూలు బకెట్ 16 నుంచి 20 లీటర్ల మధ్య ఉంటుంది. ఒంటికి హాయిగా ఉండే నీళ్ల వేడి 40 డిగ్రీలు. ఇక ఒక్క లెక్క గుర్తుంటే చాలు:

లీటర్లు × పెరగాల్సిన డిగ్రీలు ÷ 860 = కావలసిన వేడి, యూనిట్లలో.

కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే ఇది. నలుగురున్న ఇల్లు, మనిషికి 18 లీటర్ల బకెట్ ఒకటి అనుకుందాం. మొత్తం 72 లీటర్లు. మేడమీది ట్యాంకు నీళ్లు పొద్దున్నే 15 డిగ్రీలు ఉంటే 25 డిగ్రీలు పెంచాలి. 72 × 25 ÷ 860, అంటే సుమారు 2.1 యూనిట్లు.

ఇదే లెక్క బోరు నీళ్లతో వేసి చూడండి. చలికాలంలో బావి నీళ్లు వెచ్చగా ఉంటాయని అందరికీ తెలిసిందే. భూమి లోపలి నీళ్ల వేడి ఏడాది సగటు వేడికి దగ్గరగా నిలుస్తుంది. మన వైపు అది 25 నుంచి 27 డిగ్రీలు. 26 అనుకుంటే పెంచాల్సింది 14 డిగ్రీలే. 72 × 14 ÷ 860 అంటే 1.2 యూనిట్లకు లోపే. ఖర్చు దాదాపు సగానికి పడిపోయింది, ఇంకా ఏ యంత్రమూ కొనలేదు. పొద్దున కరెంటు ఉండే వేళ చూసుకుని మోటరు అప్పుడే వేసి, ఆ నీళ్లనే బంబులోకీ బకెట్‌లోకీ పట్టుకోండి. రాత్రంతా పైట్యాంకులో నిలిచి చల్లారిన నీళ్లను బట్టలకూ గిన్నెలకూ వదిలేయండి.

పాత్ర సైజు ఇక్కడే తేలుతుంది. 60 డిగ్రీల వేడినీళ్లను 15 డిగ్రీల చన్నీళ్లతో తొణిపి 40కి తెస్తే, 72 లీటర్లకు 40 లీటర్ల వేడినీళ్లు కావాలి. తాజా బోరు నీళ్లతో తొణిపితే 30 చాలు. కాబట్టి నలుగురికి 40 లీటర్ల బంబు సరిపోతుంది. చుట్టాలొస్తారని 80 లీటర్లది కొనకండి. పండగనాడు రెండోసారి కాగబెట్టుకుంటే పోతుంది.

రెండో పని: దేనితో కాగబెడితే ఎంత పడుతుంది

పైన తేలిన 2.1 యూనిట్ల వేడికి ఒక్కో ఇంధనం రోజుకు ఇంత ఖర్చవుతుంది.

కరెంటు గీజరు: పాత్ర నుంచి పోయే వేడి కలుపుకుని 2.3 యూనిట్ల వరకు, నెలకు 70. మహారాష్ట్ర కరెంటు సంస్థ మహావితరణ లెక్కలో, గృహ వినియోగం 100 యూనిట్లు దాటితే రేటు బాగా ఎక్కుతుంది. ఇంట్లో ఇప్పటికే 90 యూనిట్లు కాలుతుంటే, గీజరు తెచ్చే 70లో 60 పై రేటులోనే పడతాయి. బిల్లు మరాఠీలో ఉంటుంది. 'వీజ్ ఆకార్' (కరెంటు చార్జి) ఒక్కటే చూసి లెక్క వేసుకోకండి. 'వహన్ ఆకార్' (కరెంటు చేరవేసే చార్జి) కూడా ప్రతి యూనిట్‌కూ పడుతుంది, దాని కిందే సుంకం. సంక్రాంతి నెల బిల్లును దసరా నెల బిల్లు పక్కన పెట్టి చూస్తే గీజరు ఎంత తిన్నదో తెలుస్తుంది.

వంటగ్యాసు: కిలోలో దాదాపు 12.7 యూనిట్ల వేడి ఉంటుంది. గ్యాస్ గీజరు అందులో ఐదింట నాలుగు వంతులు నీళ్లకు అందిస్తే రోజుకు 200 గ్రాముల పైచిలుకు. 14.2 కిలోల సిలిండర్ స్నానాలకే వాడితే 70 రోజుల లోపే వస్తుంది.

డీజిల్: లీటరుకు 10 యూనిట్లు, మంచి బర్నర్‌తో నీళ్లకు దక్కేది ఎనిమిదిన్నర. రోజుకు పావు లీటరు. లెక్కకు బాగానే ఉన్నా బర్నర్, పంపు, చిమ్నీ, నూనె ట్యాంకు, ఏటా నాజిల్ మార్చే మిస్త్రీ, ఇవన్నీ నాలుగు బకెట్ల కోసం పెట్టుకోవడం దండగ. లాడ్జికీ వసతిగృహానికీ అది సరే.

ఎండు కట్టె: కిలోలో 4.3 యూనిట్ల దాకా వేడి. మంచి బంబు అందులో మూడో వంతు నీళ్లలోకి ఎక్కిస్తే రోజుకు కిలోన్నర. పచ్చి కట్టె అయితే మూడు కిలోలు దాటుతుంది, పొగ అదనం.

కట్టె కొనుక్కునే ఇంట్లో కిలో రేటును ఒకటిన్నరతో గుణించి, కరెంటు లెక్క పక్కన పెట్టుకోండి. పత్తి, కంది పండించే ఇంట్లో ఆ అవసరం లేదు, బంబుదే పైచేయి.

మూడో పని: బంబును పట్టి పట్టి చూడండి

బంబు అంటే నిలువు పాత్ర, దాని నడుమ గొట్టం, కింద జల్లెడ, ఆ కింద బూడిద గూడు. మంట కింద ఉంటుంది, పొగ నడిమి గొట్టం గుండా పైకి పోతూ చుట్టూ ఉన్న నీళ్లకు వేడి అందిస్తుంది.

"రాగిదైతే తొందరగా కాగుతుంది, కట్టె ఆదా" అని దుకాణదారు చెబుతాడు. ఇందులో నిజం తక్కువ. రాగి గుండా వేడి స్టీలు కంటే ఇరవై రెట్లు సులువుగా పారుతుంది, కాదనలేం. కానీ ఇక్కడ వేడిని ఆపేది రేకు కాదు. పొగకూ రేకుకూ మధ్య నిలిచే గాలి పొర, దానిమీద పేరుకునే మసి, ఇవే అసలు అడ్డు. మిల్లీమీటరు మందం లేని రేకు రాగిదైనా స్టీలుదైనా కట్టె లెక్కలో తేడా కనిపించదు. రాగికి డబ్బు పెట్టాలంటే అది ఏళ్ల తరబడి నిలుస్తుందనీ, పాతబడ్డాక కూడా తూకానికి విలువ ఉంటుందనీ పెట్టండి. ఆదా కోసం కాదు. జింకు పూత రేకుది చవక, కానీ అతుకుల దగ్గర తుప్పు పట్టి ముందుగా పోయేది అదే.

రాగిది తీసుకుంటే గేజ్ అడగండి. 20 గేజ్ అంటే 0.9 మిల్లీమీటరు, 22 అంటే 0.7. సంఖ్య పెరిగితే రేకు పలచన. 40 లీటర్ల పాత్రకు, పొయ్యి భాగం కాకుండా, 20 గేజ్‌లో సుమారు 7 కిలోల రాగి పడుతుంది, 22లో 5 కిలోల పైచిలుకు. తూకం వేసేటప్పుడు జల్లెడ, కాళ్లు, పిడులు తీసేయమనండి. అవి ఇనుపవి. వాటినీ రాగి రేటుకే కలిపి తూచడం మామూలే. జేబులో ఒక అయస్కాంతం ముక్క ఉంటే వాదన పొడవుగా సాగదు.

తరువాత అతుకులు. మెత్తటి సీసం టాకా, అంటే టంకం, 200 డిగ్రీల చుట్టుపక్కలే కరుగుతుంది. నీళ్లున్నంత సేపు ఏమీ కాదు. ఒక్కరోజు నీళ్లు పోయడం మరిచి మంట పెడితే అడుగు అతుకు వీడిపోతుంది. ఇత్తడి టాకా వేసినదే తీసుకోండి. గొట్టం అడుగు రేకును కలిసే గుండ్రటి అతుకును వేలితో తడిమి చూడండి. దుకాణంలోనే నిండా నీళ్లు పోయించి, కింద పొడి వార్తాపత్రిక పరిచి, గంటసేపు వదిలేయండి. కాగితం మీద చుక్క మరక పడినా ఆ బంబు వద్దు.

నీళ్లు వచ్చే తీరు రెండు రకాలు. ఒకదానికి నల్లా కింద ఉంటుంది, తిప్పితే నీళ్లన్నీ ఖాళీ అవుతాయి. రెండోదానికి గరాటు గొట్టం అడుగుదాకా దిగి ఉంటుంది, వేడినీళ్ల మూతి పైన ఉంటుంది. చెంబెడు చన్నీళ్లు గరాటులో పోస్తే చెంబెడు వేడినీళ్లు పైనుంచి వస్తాయి. ఈ రెండోదే మేలు. ఇది ఎప్పుడూ ఖాళీ కాదు కాబట్టి పొడి మంటకు మాడదు. పిల్లలూ ముసలివాళ్లూ వాడే ఇంట్లో ఇంకో ఆలోచన అక్కర్లేదు.

గొట్టం విషయంలో పెద్దది మంచిదని అనుకోకండి. 40 లీటర్లకు 4 అంగుళాల గొట్టం చాలు. 6 అంగుళాలదైతే నడిమధ్య పొగ రేకును తాకకుండానే పైకి లేచిపోతుంది. గొట్టం పై మూతి దగ్గర మంట నాలుక కనిపించిందంటే మీ కట్టె ఆకాశాన్ని కాగబెడుతోందన్నమాట. దీనికి చవకైన మందు ఉంది. గొట్టం కన్నా పావు అంగుళం సన్నగా ఉన్న ఇనుప పట్టీని మెలి తిప్పి గొట్టంలో వేలాడదీయడం. పొగ తిరుగుతూ, రేకును రాసుకుంటూ పోతుంది. పట్టీ ఊడి బయటికి రావాలి, లేకపోతే మసి తుడవలేరు. పట్టీ వేశాక పొగ కిందినుంచి ఎదురు కొడితే దాన్ని సగానికి కత్తిరించండి, లేదా పైన 3 అడుగుల రేకు గొట్టం తొడగండి.

బయటి గోడకు ఏమీ చుట్టకపోతే 60 డిగ్రీల్లో ఉన్న 40 లీటర్ల బంబు గంటకు ఐదారు డిగ్రీలు చల్లారుతుంది. అంగుళం మందం రాతి ఉన్ని చుట్టి పైన పల్చటి రేకు బిగిస్తే గోడ గుండా పోయేది గంటకు డిగ్రీ, డిగ్రీన్నర. ఇంట్లో అందరూ అరగంటలో స్నానాలు ముగిస్తే ఇది అక్కర్లేదు. ఒకరు అయిదింటికి, ఇంకొకరు ఎనిమిదింటికి లేచే ఇంట్లో తప్పదు.

నాలుగో పని: కట్టెను ఎండబెట్టడం

బంబు ఎంత మంచిదైనా పచ్చి కట్టె దాన్ని ఓడిస్తుంది. కిలో కట్టెలో సగం నీళ్లే ఉంటే, మంట ముందు ఆ అరకిలో నీళ్లను ఆవిరి చేసి పంపాలి. మిగిలే వేడి 2.2 యూనిట్లే. పైగా చల్లారిన పొగ గొట్టంలో తారులా అంటుకుంటుంది. మణికట్టు లావు మించకుండా చీల్చి, వాన తగలకుండా, గాలి తగిలేలా ఆరబెట్టండి. రెండు ముక్కలు కొట్టి చూస్తే ఎండినవి టంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి.

పత్తి కట్టె గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మరాఠీలో పర్హాటీ అనేది ఇదే. కిలోకు వేడి మామూలు కట్టెకు తీసిపోదు, కానీ తేలిక. గుప్పెడు వేస్తే రెండు నిమిషాల్లో భగ్గున మండి ఆగిపోతుంది. అడుగు పొడవుకు నరికి, గట్టిగా కట్టలు కట్టి వేయండి. ఒక మొద్దు కట్టెతో కలిపి వేస్తే ఇంకా నయం. కట్టెకు అంటుకుని మిగిలిన కాయల్లో గులాబీ పురుగు నిద్రావస్థలో దాగి ఉంటుంది. కట్టెను గూడుగా పేర్చేముందు ఆ కాయలు రాల్చి కాల్చేయండి. మిగిలిన గూడును కొత్త పత్తి విత్తే నాటికి ఖాళీ చేయండి. లేదంటే పెరటి గూడు నుంచే పురుగు మళ్లీ చేనుకు చేరుతుంది.

అయిదో పని: ఇంట్లోనే పరీక్ష

కొత్తది కొన్నాక ఒక పొద్దున ఇది చేయండి. చెంబుతో కొలిచి 40 లీటర్లు పోయండి, వేడి రాసుకోండి. కట్టె తూచి పక్కన పెట్టుకోండి. 60 డిగ్రీలు రాగానే మంట ఆపి, మిగిలినది తూచండి. 20 నుంచి 60కి తెచ్చారు, 1.4 కిలోలు కాలింది అనుకుందాం. నీళ్లలోకి ఎక్కింది 40 × 40 ÷ 860, అంటే 1.86 యూనిట్లు. కట్టెలో ఉన్నది 1.4 × 4.3, అంటే 6 యూనిట్లు. నూటికి 31 వంతులు నీళ్లకు దక్కింది. ముప్పై దాటితే బంబు బాగున్నట్టే. ఇరవైకి పడితే కట్టె పచ్చిదో, మసి పట్టిందో, గొట్టం వెడల్పో, ఈ మూడింటిలోనే కారణం ఉంటుంది.

బంబును ఎక్కడ పెట్టకూడదు

స్నానాల గదిలో ఎప్పుడూ వద్దు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. పొగ ఆగి నిప్పులు మాత్రమే మిగిలినప్పుడు కూడా అది వస్తూనే ఉంటుంది. తల బరువెక్కి, కాళ్లు లాగేసి, తలుపు తీసే ఓపిక కూడా ఉండదు. బయట పత్రాల, అంటే రేకుల పందిరి కింద, నాలుగు ఇటుకల ఎత్తు గట్టు మీద, పొగగొట్టం పత్రా అంచు దాటేలా పెట్టండి. నిప్పు పూర్తిగా చల్లారాకే గొట్టంపై మూత వేయాలి. అప్పుడు ఆ మూత కూడా వేడిని ఆపుతుంది, లేకపోతే చల్లగాలి నడిమి గొట్టం గుండా పారుతూ నీళ్లను లోపలినుంచి చల్లారుస్తుంది.

పైట్యాంకు నుంచి పైపు కలిపితే, బంబు నుంచి ఒక తెరిచిన ఆవిరి పైపు ట్యాంకు నీటి మట్టం కన్నా పైకి పోవాలి. దానికి వాల్వు పెట్టనివ్వకండి. ప్లంబర్ "నీళ్లు చిందుతున్నాయి" అని దాన్ని బిగిస్తే, బంబు కాస్తా బాంబు అవుతుంది. ఇది మాటల గారడీ కాదు.

గీజరే కావాలంటే

అపార్టుమెంటులో ఉన్నవాళ్లకూ, కట్టె దొరకని ఊరి నడుమ ఇళ్లకూ ఇదే దారి.

3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు మన చలికి ఎంత వరకు పనికొస్తుందో ముందే లెక్క చూడండి. 3 కిలోవాట్ల యంత్రం, నిమిషానికి 2 లీటర్ల ధార. నీళ్లు పెరిగేది 21 డిగ్రీలు. 15 డిగ్రీల నీళ్లు 36 అవుతాయి, అంటే గోరువెచ్చనే, హాయైన 40కి చేరవు. సముద్ర తీరపు ఊళ్లలో పనిచేసేది ఇక్కడ జనవరిలో మొహం చాటేస్తుంది. 15 లేదా 25 లీటర్ల నిల్వ గీజరు తీసుకోండి. 2 కిలోవాట్లది 15 లీటర్లను 15 నుంచి 60కి తేవడానికి 24 నిమిషాలు, 25 లీటర్లకు 40 నిమిషాలు.

వోల్టేజి 180కి పడే ఊళ్లలో ఈ లెక్క మారుతుంది. వోల్టేజి ఐదో వంతు తగ్గితే శక్తి ఐదో వంతు కాదు, ఐదింట రెండు వంతులు తగ్గుతుంది. 40 నిమిషాల పని 65 నిమిషాలవుతుంది. యూనిట్లు మాత్రం పెద్దగా మారవు, మిస్త్రీని తిట్టాల్సిన పని లేదు.

గీజరు మీది నక్షత్రాల చీటీలో (స్టార్ లేబుల్) చూడాల్సింది నక్షత్రాల లెక్క ఒక్కటే కాదు. 24 గంటల్లో ఊరికే ఉండి ఎన్ని యూనిట్లు పోగొట్టుకుంటుందో చీటీ మీద రాసి ఉంటుంది. ఒకే లీటర్ల రెండు గీజర్లను ఆ అంకెతో పోల్చండి. చీటీ ఏ కాలానికి చెల్లుతుందో కూడా చూడండి, కొలమానాలు మారుతుంటాయి కాబట్టి పాత ఐదు నక్షత్రాలు కొత్తవాటికి సరితూగకపోవచ్చు. థర్మోస్టాట్‌ను 55 దగ్గర ఉంచి, స్నానానికి అరగంట నుంచి ముప్పావుగంట ముందు వేసి, అయ్యాక తీసేస్తే చాలు.

2 కిలోవాట్లు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పనిచేసే ఎర్తు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చి తప్పనిసరి. దాని టెస్ట్ మీటను నెలకోసారి నొక్కి చూడండి. గిన్నెల అడుగున తెల్లటి గార పడుతోందంటే మీ బోరు నీళ్లు గట్టివి. ఎలిమెంటు మీదా అదే పేరుకుంటుంది. రెండేళ్లకోసారి విప్పించి గార తీయించండి, లోపలి మెగ్నీషియం కడ్డీ పెన్సిల్ లావుకు అరిగి ఉంటే మార్పించండి. కడ్డీ అరిగిపోతే ఆ తరువాత అరిగేది పాత్రే.

గ్యాస్ గీజరు నీళ్లను వేగంగా కాగబెడుతుంది. కానీ మోనాక్సైడ్ గురించి పైన చెప్పిందంతా దీనికీ వర్తిస్తుంది. బయటి గోడకు బిగించి, వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి తేవాలి.

సోలారు

నలుగురికి 100 లీటర్లది చాలు. నీడలేని మేడ మీద దక్షిణం వైపు, చలికాలం కోసం కాబట్టి 30 డిగ్రీల వాలులో బిగించాలి. మన ఊళ్లు 19, 20 అక్షాంశాల దగ్గర ఉన్నా చలికాలపు సూర్యుడు ఇంకా కిందికి వాలి ఉంటాడు. గాజు గొట్టాల రకం చవక. గట్టి నీళ్లకు ఏ రకంలోనైనా లోపల గార కడుతుంది. అడవి అంచు ఊళ్లలో కోతులు గొట్టాలు పగలగొడతాయి. అక్కడ చదును పలకల రకం మేలు.

మేడ నుంచి గది దాకా 15 మీటర్ల ముప్పావు అంగుళం పైపు ఉంటే, వేడినీళ్లు రాకముందు 4 లీటర్ల పైచిలుకు చల్లనివే వస్తాయి. పైపును అర అంగుళానికి తగ్గించి, వేడికి తట్టుకునే సి.పి.వి.సి. ప్లాస్టిక్‌ది వేయించి, పైన నల్లటి నురుగు తొడుగు వేయండి. ఆ మొదటి నీళ్లను మోరీలోకి వదలకండి, తొణపడానికి బకెట్‌లోకే పట్టండి.

మబ్బు రోజుకు మాత్రం ఏదో ఒక తోడు కావాలి. సోలారు నీళ్లు 35 డిగ్రీల దగ్గర ఆగిపోయిన రోజున వాటినే బంబు గరాటులో పోస్తే రెండు గుప్పెళ్ల పత్తి కట్టెతో పని అయిపోతుంది.

ఎండాకాలం రాగానే

పక్షానికోసారి గొట్టాన్ని తీగ బ్రష్‌తో తోముతూ ఉంటే మంట సాఫీగా సాగుతుంది. హోలీ దాటాక బంబును నీళ్లతో వదిలేయకండి. గరాటు గొట్టం రకంలో అడుగు నీళ్లు వాటంతట అవి బయటికి రావు, పాత్రను బోర్లించి పూర్తిగా వంపాలి. బూడిద గూడులో తడి బూడిద మిగిలితే రేకును తింటుంది, గీకి తీసేయండి. రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, ఎలుకలు గూడు కట్టకుండా గొట్టం రెండు మూతులకూ గోనెగుడ్డ కట్టి అటక మీద పెట్టండి. దీపావళి ముందు దించి నీళ్లు పోసి, మళ్లీ కాగితం పరీక్ష చేశాకే మంట పెట్టండి.